అవతలి ఒడ్డున ఓదార్కా

దెస్నా నది దారి మార్చుకున్న ఏడే నేను వెర్బివ్కా ఊరికి కోడలినై వచ్చాను. పెళ్ళి చలికాలంలో అయింది, వరద వసంతంలో వచ్చింది. మా అత్తగారు ఆ రెంటినీ చాలాకాలం కలిపే చెప్పేది, "ఈ పిల్ల కాలు పెట్టింది, ఏరు గట్టు తెంపింది" అని.

ఆ ఏడు మంచు ఒక్కసారిగా కరిగింది. నీళ్ళు పచ్చిక బయళ్ళను ముంచి, ధాన్యం గోదాముగా మారిన పాత చెక్క చర్చి మెట్లెక్కి, యుద్ధంలో నది దాటుతూ పోయిన సైనికుల గుర్తుగా నిలబెట్టిన విగ్రహానికి మోకాళ్ళదాకా వచ్చాయి. అంతవరకూ మా ఊరివాళ్ళు చూసిందే. చూడనిది ఆ తర్వాత జరిగింది. ఊరి దగ్గర దెస్నా గుర్రపు లాడంలా వంపు తిరిగేది. ఆ వంపు లోపల పాతకాలపు కోసక్కు యోధుల పేరుమీద ఉన్న దిబ్బ, దాని పక్కన పాత శ్మశానం, దారి వెంట కొన్ని ఇళ్ళు ఉండేవి. వరద ఉరవడికి వంపు మెడ దగ్గర మన్ను తెగి నది తిన్నగా దూసుకుపోయింది. నీళ్ళు తీశాక చూస్తే కొత్త పాయ ఊరికీ దిబ్బకీ నడుమ పారుతోంది. నిన్నటిదాకా నడిచి వెళ్ళిన శ్మశానానికి ఇక పడవ కావలసి వచ్చింది.

అవతల చిక్కుకున్న వాళ్ళకు సమష్టి వ్యవసాయ క్షేత్రం వాళ్ళు ఇటువైపు కొత్త వీధిలో ఇటుక ఇళ్ళు కట్టించారు. ఒక్కో కప్పు కింద రెండేసి కాపురాలు, నడిమికి ఒక గోడ. అందరూ కిటికీ రెక్కలతో సహా ఊడబెరుక్కుని వచ్చేశారు, ఓదార్కా తప్ప. ఆమె అప్పటికే విధవరాలు, పిల్లలు లేరు. గ్రామ మండలి పెద్ద ప్రోకిప్ స్వయంగా పడవెక్కి వెళ్ళి బతిమాలాడు.

"అక్కా, ఇల్లు నిక్షేపంలా ఉంది. ఒక సగం నీకు, ఒక సగం మోత్రాకు. అయినవాళ్ళు పక్కపక్కన ఉంటారని నేనే కావాలని అలా కుదిర్చాను."

"నీకు నా మీద ఏం పగ, ప్రోకిప్?"

"పగేంటక్కా?"

"మాకిద్దరికీ నడుమ గోడ చాలదయ్యా, ఏరు కావాలి. దేవుడు చూసి చూసి ఇప్పటికి ఇచ్చాడు. నువ్వెందుకు అడ్డం పడతావు?"

ప్రోకిప్ తిరిగొచ్చి ఈ మాట అందరికీ చెప్పి నవ్వాడు. ఓదార్కాకు రాసిపెట్టిన సగం మాకు దక్కింది. అలా నేను మోత్రాకు గోడ పక్క దాన్నయ్యాను. ఆమెను పెద్దమ్మ అని, ఓదార్కాను అత్తా అని పిలవడం అలవాటైంది.

మోత్రా ఓదార్కాకు ఆడబిడ్డ. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా, మోత్రా విషయంలో ఆ అర్ధం కాస్తా ముప్పాతిక అయింది. కరువు ఏడు తల్లీ తండ్రీ రోజుల తేడాలో పోతే, తనే పసిది అయివుండీ తమ్ముడు ఒమెల్కోను చంకనేసుకుని బతికించింది. మాకిక్కడ దొరికేవి లిండెను చెట్టు ఆకులూ మొగ్గలూ. అవి దంచి రొట్టె చేసి పెట్టేదట. పెళ్ళీడు వచ్చేసరికి యుద్ధం వచ్చింది. ఆమె ఈడు మగపిల్లలు ఊళ్ళోంచి వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే పోయారు. ఇక ఆమెకు మిగిలింది తమ్ముడే. ఆ తమ్ముడు పంటు లాగే పనిలో చేరి, ఒకనాడు ఒక్క మాట ముందు చెప్పకుండా ఓదార్కాను వెంటబెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

కొత్త కోడలు వండిన మొదటి బోర్ష్ చారు మోత్రా ఒక చెంచాడు నోట్లో పోసుకుని, "బీట్‌రూట్ దుంప కూడా సిగ్గుపడి రంగు వదల్లేదే" అందట. ఆ మాట ఓదార్కా చచ్చేదాకా మరిచిపోలేదు.

ఒమెల్కో మంచివాడు. ఎంత మంచివాడంటే, ఇద్దరూ కీచులాడుకుంటుంటే తాడు చూసుకోవాలని రేవుకి వెళ్ళిపోయేవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో, నది దారి మారడానికి కొంచెం ముందే పోయాడు. దిబ్బ వాలులో, తాత పక్కన పూడ్చారు. అతని ఇంకో పక్కన ఒక్క మనిషికి సరిపడా చోటు ఉంది. దాన్ని కలుపుకుని ఓదార్కా కంచె వేయించి, నీలం రంగు పూసింది. మోత్రా అది చూసి అక్కడే మొదలెట్టింది.

"ఎవరికే ఆ చోటు?"

"పెళ్ళాం ఉండగా ఇంకెవరికి?"

"నువ్వు వాడితో కాపురం చేసింది ఎంతకాలమే! నేను వాణ్ణి మోశాను, నడుం మీద మోశాను. ఆ చోటు నాది."

"అయితే ముందు చచ్చినవాళ్ళు తీసుకుందాం వదినా. నీకే తొందరగా ఉన్నట్టుంది."

వాళ్ళ గొడవలన్నిటికీ వేరు ఇక్కడే ఉందని నాకు తర్వాత తెలిసింది.

నది నడిమికి వచ్చాక మాటలు ఆగిపోతాయనుకున్నాం. ఆగలేదు. మా ఒడ్డున బట్టలుతకడానికి నీళ్ళలోకి పరిచిన చెక్కల తిన్నె ఒకటుంది. సాయంత్రం ఆవు ఇంటికొచ్చే వేళకు మోత్రా ఆ చెక్కల మీదికి వెళ్ళేది, ఉతకడానికి బట్టలున్నా లేకపోయినా. అవతల ఓదార్కా మేకను గట్టుకు తోలుకొచ్చేది. గాలి లేని రోజు మాట నీటి మీద జారుకుంటూ వెళ్తుంది.

"ఏమే ఓదార్కా! బతికే ఉన్నావా?"

"నీ కంటె ముందు పోయేదాన్ని కాదులే వదినా!"

"పొగ నల్లగా వస్తోంది. మళ్ళీ తడి కట్టెలే కాలుస్తున్నావా? ఇంతకాలమైనా పొయ్యి అంటించడం రాలేదు నీకు!"

"నీ ముక్కు ఇక్కడిదాకా సాగిందంటే దానికి పంటు కట్టొచ్చు!"

రేవు దగ్గర కూర్చునే మగవాళ్ళు ఒకరినొకరు పొడుచుకుని నవ్వేవారు. కానీ ఆ తిట్ల మధ్యనే అన్నీ వెళ్ళేవి. ఎవరి కూతురికి సంబంధం కుదిరింది, పిండి మర ఎందుకు మూతబడింది, పశువుల డాక్టరు ఏ రోజు వస్తాడు, ఎవరు పోయారు. ఎదురుగాలి వీస్తే ఏమీ వినపడేది కాదు. అలాంటి రోజున కూడా ఇద్దరూ నిలబడి చేతులూపుకుంటూ అరుచుకునేవాళ్ళు. ఒకరి మాట ఒకరికి అందకపోయినా ఎవరి జవాబు వారు చెప్పుకునేవారు.

ఓదార్కా అక్కడ ఎందుకు ఉండిపోయిందని ఊళ్ళో తలా ఒక మాట అనుకునేవారు. మొగుడి సమాధి కోసమని ఎక్కువమంది అనేవారు. నేను ఒకసారి అడిగితే, "ఆయన బతికున్నప్పుడే వారానికో మాట మాట్లాడేవాడు. ఇప్పుడేం మాట్లాడతాడని ఉంటాను?" అంది. మళ్ళీ తనే, "రావొచ్చే స్తెఖా. మొదటి ఏడు వచ్చేసి ఉండాల్సింది. ఇప్పుడొస్తే మీ పెద్దమ్మ నవ్వుతుంది" అంది. ఆ మాటే నిజమని నాకు అనిపించింది. కోపంతో ఉండిపోయింది, తర్వాత పంతంతో, ఆ తర్వాత అలవాటుతో.

చలికాలం కష్టం. నది గట్టిగా గడ్డకడితే నడిచి రావొచ్చు. కానీ మంచు కట్టేటప్పుడూ విరిగేటప్పుడూ పడవా నడవదు, కాలూ నిలవదు. అప్పుడు ఓదార్కా ఉందనడానికి చిమ్నీ పొగే సాక్ష్యం. గడ్డపారతో నది మంచు పగలగొట్టి తనే నీటిగుంట తవ్వుకునేది. మేకతో మాట్లాడేది. ఆ మేకకు చెప్పిన మాటలు నాకెప్పుడైనా మళ్ళీ చెప్పేది, పక్కింటావిడతో జరిగిన సంభాషణలా. "నిన్న దానితో అన్నాను, ఉప్పు అయిపోవచ్చిందని. అది మొహం తిప్పుకుంది." నేను నవ్వితే తనూ నవ్వేది.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఊరంతా ఆమె ఒడ్డుకు వెళ్ళేది. క్రీస్తు తిరిగి లేచిన పాస్కా పండుగ తర్వాతి ఆదివారం, పెద్దలను తలుచుకునే రోజు. ఆ రోజు కోసం ఆమె వారం ముందునుంచే గోడలకు సున్నం కొట్టి, శ్మశానంలో ఎండుగడ్డి కోసి, పడిన శిలువలను నిలబెట్టి ఉంచేది. కరువు ఏడు పోయినవాళ్ళను ఒకే గోతిలో వేసిన మూల ఒకటుంది. అక్కడ పేర్లు లేవు, శిలువా లేదు. ఓదార్కా తల్లి, తమ్ముడు అక్కడే ఉన్నారు. ఆ మూల గడ్డి అన్నిటికంటె ముందు కోసేది. పడవలు ఒకటి వెనక ఒకటి వచ్చేవి. జనం సమాధుల పక్కన బట్టలు పరిచి, రంగు గుడ్లు, పాస్కా రొట్టె, ఉప్పుపట్టిన పంది కొవ్వు పెట్టుకుని తిని, తలా ఇంత హోరిల్కా సారా తాగి, ఏడ్చేవాళ్ళు ఏడ్చి, పాడేవాళ్ళు పాడి, పొద్దు వాలేసరికి వెళ్ళిపోయేవారు. ఒక ఏడు చివరి పడవలో నేనే ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆమె తొక్కిన గడ్డిని చేత్తో సరిచేస్తోంది.

తర్వాత గ్రామ మండలి ఇటువైపు చర్చి వెనక కొత్త శ్మశానం తెరిచింది. కొత్తగా పోయినవాళ్ళు అటు వెళ్ళడం మానేశారు. వాళ్ళతోపాటు వాళ్ళ కోసం వచ్చేవాళ్ళూ మానేశారు. పడవలు తగ్గాయి. ఓదార్కా మాత్రం వచ్చేవాళ్ళ కోసం ఎప్పటంత రొట్టే చేసేది. మిగిలింది ఎండబెట్టి మేకకు పెట్టేది.

దేశం మారింది. సమష్టి క్షేత్రం పోయింది, పశువుల కొట్టాల కప్పులు ఎవరికి వారు విప్పుకుపోయారు. చర్చిలోంచి ధాన్యం తీసేసి మళ్ళీ దేవుణ్ణి పెట్టారు. మోత్రా ఆ రోజు చెక్కల మీద నిలబడి, "గంట వినపడుతోందే?" అని అరిచింది. "నీ గొంతు ఆగితే కదా వినపడేది!" అంది అవతలిది.

ఆ శరదృతువులో, బంగాళదుంపలు తవ్వుకున్నాక, ఒక పొద్దుట గోడ అవతలినుంచి ఏదో పడ్డ చప్పుడు విని వెళ్ళాను. మోత్రా పొయ్యి ముందు పడి ఉంది. ఒక పక్క చచ్చుబడింది. నోరు పడిపోయింది. కళ్ళు మాత్రం నన్ను తిడుతున్నట్టే చూస్తున్నాయి. మనిషిని పడుకోబెట్టి, డాక్టరు వచ్చి వెళ్ళాక, సాయంత్రానికి చెక్కల మీదికి వెళ్ళాను. ఓదార్కా అప్పటికే గట్టున ఉంది.

"మోత్రా ఏదీ? నువ్వొచ్చావేం?"

"పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది అత్తా! మాట పోయింది!"

ఆమెకు సరిగా వినపడలేదనుకున్నాను. మళ్ళీ అరిచాను. ఆమె ఇంట్లోకి వెళ్ళింది. వెళ్ళి, మేకను పడవలో నిలబెట్టి, దుప్పటి మూట ఒకటి వేసుకుని తెడ్డు వేసుకుంటూ వచ్చేసింది. ఒడ్డెక్కగానే నాతో అన్న మాట ఒక్కటే.

"మాట పోయిందా? ఎన్నాళ్ళ కోరికే అది! ఇప్పుడు తీర్చాడా దేవుడు?"

అంటూనే కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ చలికాలమంతా ఆమె మోత్రా సగంలోనే ఉంది. ప్రోకిప్ ఎప్పుడో రాసిపెట్టిన ఇంటికి అంత ఆలస్యంగా వచ్చింది, అదీ గోడకు అటుపక్కకు. మోత్రాను కడిగేది, తిప్పేది, చెంచాతో తాగించేది. నాకు గోడలోంచి అన్నీ వినపడేవి. మొదట్లో తిట్టేది.

"మింగు. బాగాలేదా? నీ చేత్తో చేసుకుని తాగు మరి. రంగు వచ్చింది చూడు, ఎర్రగా ఉంది, చూడు!"

తిట్టి ఆగేది. జవాబుకు కావలసినంత సేపు ఆగేది. ఆ ఆగడం నేను భరించలేకపోయేదాన్ని. క్రిస్మస్ దాటాక ఆ ఖాళీ పోయింది. పని ఆపి విన్నాను. ఓదార్కాయే మోత్రా గొంతు పెట్టి తనను తాను తిట్టుకుంటోంది. "ఏమే ఓదార్కా, తడి కట్టెలేనా మళ్ళీ?" అని, వెంటనే తన గొంతుతో, "నీకు వెచ్చగా లేకపోతే చెప్పు వదినా" అని. ఏదో వంకతో లోపలికి వెళ్ళాను. మోత్రా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ మొహంలో తెలియడానికి లేదు.

మోత్రా పడక కిటికీ పక్కన ఉండేది. బాగున్న చెయ్యి ఎత్తి ఒకటే వైపు చూపించేది. నీళ్ళు కావాలేమో అనుకునేదాన్ని. ఓదార్కా మాత్రం, "తెలుసులే. చూడక్కర్లేదు. నీ బుద్ధి నాకు తెలీదా?" అని ఆ చేతిని దుప్పటి కిందికి తోసేది. ఆ కిటికీలోంచి దిబ్బ కనపడుతుంది.

మోత్రా మంచు విరిగి చాలావరకు కొట్టుకుపోయిన రోజుల్లో పోయింది. దెస్నా పొంగి ఉంది. ముసలి ప్రోకిప్ వచ్చి టోపీ తీసి, "చర్చి వెనక గొయ్యి తవ్విస్తాను అక్కా. ఈ వరదలో అవతలికి ఎవరు వెళ్తారు?" అన్నాడు.

"నేను వెళ్తాను."

"నువ్వు వెళ్తావు, పెట్టె ఎవరు మోస్తారు?"

"నీళ్ళు మోస్తాయి. నువ్వు అడ్డు తప్పుకో."

జాలరి లుక్యాన్ దగ్గర పెద్ద పడవ ఉంది. అతను కాదనలేదు. పడవలో పెట్టె, దాని తల దగ్గర ఓదార్కా, పాదాల దగ్గర నేను. వెనక ఇంకో పడవలో మా ఆయన, గడ్డపారలు పట్టుకున్న మగవాళ్ళు. ఫాదరు ఒడ్డునే ప్రార్థన ముగించి గంట కొట్టించాడు. వరద అంతటా పరుచుకుని ఉంది. పచ్చిక బయళ్ళ మీదుగా, నీట మునిగిన విల్లో చెట్ల కొమ్మల మధ్యనుంచి వెళ్ళాం. మంచుగడ్డలు పడవకు తగిలి పక్కకు జరిగేవి. ఓదార్కా పెట్టె మీద చెయ్యి వేసి ఉంచింది, అది కదులుతుందేమోనన్నట్టు.

దిబ్బ పొడిగా ఉంది. లుక్యాన్ ఎక్కడ తవ్వాలని అడిగాడు. ఆమె నీలం కంచె తలుపు తీసి, ఒమెల్కో పక్కనున్న చోటు చూపించింది.

"అది నీది కదమ్మా" అన్నాడు లుక్యాన్.

"తవ్వు."

"తర్వాత నీకు చోటుండదు. అటు తాత, ఇటు ఈమె."

"నేనింకా చావలేదుగా! చచ్చినదాని సంగతి చూడు."

పూడ్చాక, మట్టి చేత్తో సర్దుతూ, "మోశావుగా. పడుకో" అంది. అంత మెల్లగా ఆమె మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.

తిరిగి మాతో రమ్మని ఎంత చెప్పినా రాలేదు. మేకను తర్వాత తెచ్చిపెట్టమంది. చలికాలమంతా మూతబడ్డ ఇంట్లో పొయ్యి అంటించుకుంది.

అప్పటినుంచి సాయంత్రాలు నేను చెక్కల మీదికి వెళ్ళడం మొదలుపెట్టాను.

"అత్తా, భోంచేశావా?"

"చేశాను!"

"ఏమైనా కావాలా?"

"ఏం వద్దు!"

ఇక మాట దొరికేది కాదు. ఇద్దరం నీళ్ళకేసి చూస్తూ కాసేపు నిలబడేవాళ్ళం. ఒకరోజు ఆమె, "నీకు తిట్టడం రాదే స్తెఖా!" అని అరిచింది. నేను ధైర్యం చేసి, "నీ మేక మొహం అచ్చం నీలాగే ఉంది!" అన్నాను. ఆమె నవ్వలేదు. "పాపం దాన్నెందుకే అంటావు" అంది. నా వల్ల కాదని అప్పుడే తెలిసింది. అయినా వెళ్ళడం మానలేదు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక ఏడు చలి మొదలవుతుండగా పిండి కోసం ఊళ్ళోకి వచ్చి, దుకాణం మెట్ల మీద కూలబడింది. ఒళ్ళు కాలిపోతోంది. మా ఇంటికి తీసుకొచ్చాను. మందులు ఇప్పించాను. దెస్నాలో అప్పుడే మంచు తునకలు తేలడం మొదలైంది. లుక్యాన్ పడవను ఒడ్డుకు లాగి బోర్లించేశాడు.

"మేక?" అంది.

"లుక్యాన్ నిన్ననే తెచ్చేశాడు అత్తా. మా కొట్టంలో ఉంది."

"సరే. నది గట్టిపడ్డాక నడిచి వెళ్తాను."

రోజూ అడిగేది, గట్టిపడిందా అని. నేను వెళ్ళి చూసొచ్చి, ఇంకా లేదనేదాన్ని. ఒకరోజు అడగలేదు. ఆ మధ్యాహ్నం, చలికి వెచ్చగా ఉండాలని మా పెద్ద ఇటుక పొయ్యి మీదే కట్టిన పడకలో, నేను బంగాళదుంపలు చెక్కు తీస్తుండగా, నాకు తెలియకుండానే పోయింది.

నది అప్పటికీ అటూ ఇటూ కాకుండా ఉంది. పడవా నడవదు, మనిషీ నడవడు. ఆమెను చర్చి వెనక కొత్త శ్మశానంలోనే పూడ్చాం. ఆ వరసలో ఆమెకు ఒక పక్కన ఎక్కడినుంచో వచ్చి మా ఊళ్ళో పోయిన ట్రాక్టరు డ్రైవరు, ఇంకో పక్కన ఖాళీ.

ఆమె ఇంటిని వేసవిలో చెర్నిహీవ్ పట్నంనుంచి చేపలు పట్టడానికి వచ్చేవాళ్ళు వాడుకుంటున్నారు. రేకుల కప్పు వేసి, తలుపుకు తాళం పెట్టారు. మర్యాదస్తులే. పాత శ్మశానంలో గడ్డి ఎవరు కోయాలని నన్నడిగితే, కొడవలి వాళ్ళకే ఇచ్చాను. ముందు ఏ మూలనుంచి మొదలుపెట్టాలో చూపించడానికి ఏటా ఒకసారి పడవెక్కి వెళ్తాను.